ఆ మూడు శనివారాలు

మా మేనత్త పోయిన సంగతి నాకు ఇంటివాళ్ళు చెప్పలేదు. నాపరాళ్ళ బండి తోలే మనిషి చెప్పాడు. బడి పని మీద నంద్యాలకు పోయి కాలినడకన తిరిగి వస్తున్నాను. ఎదురుగా బండి వచ్చింది. ఆయన ఎద్దులను నిలపను కూడా నిలపలేదు. "ఏమప్పా అయ్యవారూ, ఇంకా ఈడనే ఉండావా? మీ అత్త పొద్దున పొయ్యిందంట గదా. మన్ను చేసేకి నీకోసరమే కాసుకోనుండారు, బిరబిరా పో" అన్నాడు. బండి చప్పుడులో ఇంకేదో అన్నాడు గానీ నాకు వినపడలేదు.

ఇంకా రెండు కోసుల దూరం ఉంది. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మొన్న శివరాత్రికి మహానందికి నడిచిపోయింది. వద్దు మొర్రో అంటే వినలేదు. ఎండదెబ్బ తగిలి, మంచమెక్కి, నాలుగో రోజుకు ప్రాణం విడిచింది. దైవదర్శనానికి పోయిన మనిషి అయితే అది వేరు. మా అత్త క్రైస్తవురాలు, అదీ సంఘంలో వాక్యం చెప్పే మనిషి. తిరునాళ్ళకు ఆమె ఎందుకు పోతుందో మా పల్లెలో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ నోరెత్తి ఆ మాట అనుకోము. ఈరోజు నేను అంటాను. ఆమెను పొగడటానికి ఇది రాయడం లేదు. పొగిడితే మట్టిలోనుంచి లేచి వచ్చి మరీ తిడుతుంది.

ఆమె మా నాయనకు అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, జబ్బు పడినవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేయడం, సంఘానికి గింజలు పోగు చేయడం ఆమె పని. పల్లెలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వాక్యమక్క. చదివింది రెండో తరగతి. నోరు మాత్రం ప్లీడరుకు ఉండాల్సినంత. నస్యం అలవాటు ఒకటి ఉండేది. మిషను దొరసాని మా ఊరికి వచ్చిన రోజుల్లో ఆ నస్యం డబ్బా నా జేబులోకి మారేది. దొరసాని ఎదుట ఆమె పదే పదే ముక్కు తుడుచుకుంటూ, నావైపు గుర్రుగా చూస్తూ, పాట పాడేది. దొరసాని బండెక్కిందో లేదో "తే రా తే, ప్రాణం పోతాండాది" అని చెయ్యి చాచేది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టి, సంగటికి గింజలు కొలుచుకునేటప్పుడు, ముందుగా ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తారు. దాన్ని దేవుని ముంత అంటారు. శనివారం మా అత్త భుజాన సంచి వేసుకుని బయలుదేరేది. గడప బయట రెండుసార్లు దగ్గి, లోపలికి పోయి, ముంతను వేలి కణుపుతో తట్టి చూసేది. చప్పుడు బట్టే ఎంత ఉందో చెప్పేది. బోలుగా మోగిందంటే ఇక ఆ ఇల్లాలి పని అయినట్టే. "ఏందమ్మే, మీ ముంతలో పిచ్చుకలు కాపురం పెట్టినాయా?" అనేది. ఇల్లాలు నవ్వి, సిగ్గుపడి, ఇంకో పిడికెడు తెచ్చి వేసేది. ఆ ఇంట్లో నిజంగానే లేవని తెలిస్తే మా అత్త ఏమీ అనేది కాదు. సంచిలోనుంచే రెండు పిడికిళ్ళు తీసి వాళ్ళ చేటలో పోసి, వచ్చిన దారినే పోయేది.

వేరే ఊళ్ళలో ఆ గింజలు పాస్టరుగారి జీతానికో, గుడి దీపానికో పోతాయి. మా ఊళ్ళో నీడ లేనివాళ్ళకు పోయేవి. ఈ ఏర్పాటు మా అత్త పోట్లాడి తెచ్చింది. మా ప్రార్థనల గుడికి ముందు నాపరాళ్ళు పరిచిన వసారా ఒకటి ఉంది. కొట్టం కూలినవాళ్ళు, రైతు వెళ్ళగొట్టినవాళ్ళు, కరువుకు ఊరు విడిచి వచ్చినవాళ్ళు ఎవరైనా అక్కడ తలదాచుకోవచ్చు. వాళ్ళకు వారానికి ఇంత అని గింజలు కొలిచి ఇచ్చేది. "ఆకలైనోని పేరు తిన్నాక అడుగు" అనేది. నేను బడిలో అయ్యవారుగా చేరిన కొత్తలో ఒకసారి ఆమెతోపాటు గింజలు పంచడానికి పోయాను. అప్పుడు నాకు చెప్పిన మాట ఇంకొకటి ఉంది. "ఇచ్చేటప్పుడు మొగం చూడొద్దురా. చేతులు చూడు. మొగం చూస్తే వాళ్ళు సచ్చిపోతారు సిగ్గుతో."

ఆమెకు ఆ సిగ్గు తెలుసు. మొగుడు పోయినాక అత్తవారు గెంటేస్తే, ఒక కరువు ఏడు ఆమె అదే వసారాలో పడుకుంది. అప్పటి పాస్టరమ్మ రోజూ గంజికి గింజలు ఇచ్చేదట. "కడుపు నిండేది గానీ మనిషిని అనిపించేది కాదురా" అని చెప్పేది. ఒకరోజు ఆ పాస్టరమ్మ ఒక చిన్న ముంత తెచ్చి ఇచ్చి, "నీకిచ్చిన దాంట్లోంచి నువ్వు గూడా ఒక పిడికెడు వెయ్యమ్మే, నీకంటే లేనోళ్ళు ఉండారు" అందట. ఆ రోజు మా అత్త ఏడ్చిందట. తన పిడికెడు కూడా ఇంకొకరికి పనికొస్తుందని అప్పుడు తెలిసిందట. అందుకే, సాయం తీసుకునే ప్రతి ఇంటివాళ్ళకు, వసారాలో పడుకునేవాళ్ళకు కూడా ఆమె ఒక ముంత ఇచ్చేది. "తీసుకునే ఇంట్లో గూడా ముంత ఉండల్ల. లేకుంటే అది బిచ్చమైతాది" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కొంచెం గర్వం కనపడేది. ఆ గర్వం నాకు ఇష్టంగా ఉండేది.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో వరసగా రెండేళ్ళు వానలు లేవు. ఆ రెండో ఏడు, చలికాలం మొదట్లో, యేసోబు కుటుంబం వసారాకు వచ్చింది. యేసోబు పక్క ఊరి రైతు దగ్గర జీతగాడు. కాలి మీద నాపరాయి పడి పని చేయలేకపోయాడు. రైతు పొమ్మన్నాడు. రైతు జాగాలో వేసుకున్న కొట్టం కదా, దాన్ని కూడా పీకించాడు. పీకింది పగతో కాదు. కరువులో ఎద్దులకు మేత లేక, కొట్టం మీద కప్పిన పాత బోదగడ్డి కోసం పీకాడు. యేసోబు నాకు చెప్పిన మాట ఇది: "మా ఇల్లు ఎద్దులు తిన్నాయి అయ్యవారూ." నవ్వుతూనే చెప్పాడు. ఆయన పెండ్లాం సంతోషమ్మ, చంకలో పాలు తాగే పిల్లవాడు, ఐదేళ్ళ కూతురు మరియ. నలుగురు.

వసారాకు మూడు దిక్కులా గోడ లేదు. కుందూ ఏటి మీదినుంచి చలిగాలి నేరుగా వస్తుంది. మరియకు దగ్గు పట్టుకుంది. గుడి వెనకాల సంఘానికి కాస్త జాగా ఉంది. అందులో వాళ్ళకు ఒక కొట్టం వేసిస్తే చలి తప్పుతుందని మా అత్త ఆలోచన. ఆదివారం ఆరాధన అయినాక సంఘ పెద్దలను కూర్చోబెట్టింది. పెద్దల్లో నేనూ ఒకణ్ణి. అందరికంటే చిన్నవాణ్ణి. చదువుకున్నవాణ్ణని తీర్మానాలు నాచేతే రాయించేవారు.

"గుంజలు నేను అడుక్కొస్తా, బోద నేను అడుక్కొస్తా. మీరు ఊ అంటే చాలు" అంది మా అత్త.

మా పెద్దల్లో పెద్ద దావీదప్ప. ఆయన చెడ్డవాడని మాత్రం అనుకోకండి. ఆ గుడి గోడలకు రాళ్ళు మోసిన మనిషి. ఆ ఏడు ఇంట్లో పాడి బర్రెను కూడా అమ్ముకున్నాడు. ఆయన తల వంచుకుని, "అక్కా, అది సమాధుల జాగా. ఊరోళ్ళు మనకిచ్చినదే ఆ రవ్వంత. అది గూడా కొట్టాలకు పోతే రేపు మనం యాడ పండుకోవల్ల?" అన్నాడు.

"సచ్చినోళ్ళకు తొందర లేదు దావీదప్పా. తొందర బతికినోళ్ళకు ఉండాది."

"ఒకరికిస్తే పదిమందొస్తారక్కా. ఈ కరువులో యాడ చూసినా ఇండ్లు లేనోళ్ళే."

"రానీ. పదిమందొస్తే పదిమందికీ ఏద్దాం."

మా అత్త నావైపు చూసింది. నేను ఏదో ఒకటి అనాల్సింది. ఈ జాగాలో సగమైనా ఇద్దాం అని ఉంటే, చదువుకున్నవాడు చెబుతున్నాడని ఇద్దరు ముగ్గురు నావైపు వచ్చేవాళ్ళేమో. నేను కాగితం కోసం వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. 'సమాధుల స్థలము ఎవరి నివాసమునకును ఇయ్యబడదు' అని నా చేత్తోనే రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ఇంటికి పోతూ మా అత్త నన్ను ఏమీ తిట్టలేదు. "రాత బాగుండాదిరా నీది" అంది, అంతే. ఆమె తిట్టి ఉంటే ఆ పూట నాకు అన్నం సహించేది.

ఆ వారమే ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్లు కప్పినా వణుకుతూ, నన్ను పిలిచి, "ఈ శనివారం సంచి నువ్వు తిప్పురా. వసారా మరువొద్దు" అంది. సరేనన్నాను.

మొదటి శనివారం ఇల్లిల్లూ తిరిగాను. ముంతల్లో అడుగున నాలుగేసి గింజలు తప్ప లేవు. ఆడవాళ్ళు ముంతను సంచిలో బోర్లించి, వెనక తట్టి తట్టి రాల్చారు. చివరికి గుడి దగ్గరికి వచ్చాను. వసారాలో సంతోషమ్మ కూతురికి తల దువ్వుతూ ఉంది. నాకు కాళ్ళు ముందుకు పడలేదు. జాగా ఇయ్యబడదని రాసిన చేత్తో పోయి ఆమె ముంత ఎలా అడగను? అడిగినా ఆమె దగ్గర ఏముంటుంది? అలా నాకు నేనే చెప్పుకున్నాను. వాళ్ళ వంతు గింజలు గుడి పక్కింటి ఆమె చేతికిచ్చి పంపించాను. రెండో శనివారం కూడా అంతే. మూడో శనివారం గుడివైపు పోనేలేదు, గింజలు ఎవరి చేతనో పంపి, పొలాల గట్టు మీదుగా ఇంటికి వచ్చాను. వారం వారం వాళ్ళ వంతు తగ్గుతూ వచ్చింది. పడి ఇచ్చే చోట అరపడి, తర్వాత అందులో సగం. అందరి ఇళ్ళలోనూ అంతే కదా అనుకున్నాను.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున మరియ చనిపోయింది.

దగ్గు అన్నారు. చలి అన్నారు. ఆ పిల్లను ఎత్తుకున్నప్పుడు నాకు తెలిసింది అది దగ్గొకటే కాదని. బరువు లేదు. గుడి వెనక జాగాలో గుంత తవ్వాము. కుంటికాలితో యేసోబు తవ్వబోతే దావీదప్ప పార లాక్కుని తానే తవ్వాడు. తవ్వుతూ బోరుమని ఏడ్చాడు. ఆ రోజు ఆ జాగా గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు, తీర్మానమూ అవసరం రాలేదు. మూడు మూరల నేల ఆ పిల్లకు దొరికింది.

మరునాడు మా అత్త మంచం దిగింది. జ్వరం ఇంకా పూర్తిగా వదల్లేదు, నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. వసారాలోకి పోయి సంతోషమ్మ పక్కన కూర్చుంది. తర్వాత సంతోషమ్మ లేచి, గోడవార గోనెపట్ట తొలగించి, ముంత తెచ్చి మా అత్త ముందర పెట్టింది. దానికి మూతిగుడ్డ కట్టి ఉంది.

"ఇదో అక్కా, మూడు శనివారాలది. నువ్వు రాలేదు, అయ్యవారూ రాలేదు. పురుగు పడతాదేమోనని నడమ ఒకసారి ఎండబెట్టినా గూడా."

మా అత్త గుడ్డ విప్పింది. ముంతలో సగానికి పైగా జొన్నలు ఉన్నాయి. నేను వాళ్ళకు పంపినదాంట్లోంచి రోజూ పిడికెడు. శుభ్రంగా, రాయి లేకుండా ఏరి పెట్టిన జొన్నలు.

"పాప ఆకలి అనలేదా?" అని అడిగింది మా అత్త.

"అన్నిందక్కా. రెండు మూడు తూర్లు అడిగింది, ముంతలో ఉండాయి గదమ్మా అని. దేవునిది తల్లీ, ముట్టగూడదు అని చెప్పినా. మళ్ళా అడగలే. శానా బుద్ధిమంతురాలు."

నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మా అత్త ఆ ముంతను రెండు చేతులతో పట్టుకుని, "దేవుడు అడగలేదే సంతోషమ్మా" అంది. "దేవుడు నిన్ను ఏమీ అడగలేదే తల్లీ. అడిగింది నేను. నేనే అడిగినా."

సంతోషమ్మ ఆమెను అలాగే చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "అట్లనా అక్కా" అంది.

ఆ మరుసటి రోజు తెల్లవారేసరికి వసారాలో ఎవరూ లేరు. ముంత మాత్రం గోడవార పెట్టిపోయారు. ఏ దిక్కుకు పోయారో చూసినవాళ్ళు లేరు. ఆ జొన్నలు మా అత్త ఏం చేసిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఇలాంటిది మళ్ళీ జరగకూడదని సంఘ పెద్దలందరమూ గట్టిగా అనుకున్నాము. అనుకుని మేము చేసిందేమిటో వినండి. వసారాకు కొయ్య కటకటాలు పెట్టించి తాళం వేశాము. గుడి వసారాలో పసిపిల్ల చావు సంఘానికి చెడ్డపేరని ఒకరు, జబ్బులు అంటుకుంటాయని ఒకరు అన్నారు. ఆ తీర్మానం కూడా నేనే రాశాను. మా అత్త ఆ కూటానికి రాలేదు.

ఆమె సంచి మోయడం మానలేదు. కానీ సాయం తీసుకునేవాళ్ళకు ముంతలు ఇవ్వడం మానేసింది. గడప దగ్గర దగ్గడం ఉంది గానీ, పిచ్చుకల మాట లేదు. గింజలు పట్టుకుని చెట్ల కింద, వంతెన కింద, ఎక్కడ మనుషులు పడి ఉంటే అక్కడికి పోయేది. ఇచ్చి, వాళ్ళు వండుకుని తినేదాకా ఎదురుగానే కూర్చునేది. "అంతా వండుకోండి. ఏమన్నా మిగిలిస్తే నా మీద ఒట్టే" అనేది. కొందరు ఆమెకు కొంచెం మతి చలించిందని అనుకున్నారు.

ఆ తర్వాత మొదలైంది తిరునాళ్ళ తిరుగుడు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళంతా తిరునాళ్ళలో చేరతారని ఎవరో చెప్పారట. సంతోషమ్మ ఎక్కడో ఒకచోట ఆ వరసలో కూర్చుని ఉంటుందని మా అత్త నమ్మింది. ప్రతి శివరాత్రికీ మహానందికి పోయేది. వాక్యం చెప్పే మనిషి శివుని తిరునాళ్ళకు పోవడమేమిటని పాస్టరుగారు మందలించారు. "నేను దేవుని చూసేకి పోలేదయ్యా, దేవునికి మొగం చూపించేకి ముందు ఆ తల్లిని చూడల్ల" అని ఆయనకే చెప్పి వచ్చింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నిరుడు ఒంటిమిట్ట తిరునాళ్ళకు పోతానని పట్టుబట్టింది. ఒంటరిగా పంపలేక నేనూ బయలుదేరాను. బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి కడపకు, అక్కడినుంచి రైల్లో. గుడి దారికి రెండు పక్కలా బిచ్చగాళ్ళ వరస. ఎండలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచింది. వంగి వంగి ఒక్కొక్కరి చేతులు చూస్తూ పోయింది. బొరుగులు అమ్ముకునే ఆయన జాలిపడి, "ఏమవ్వా, సామి దర్శనానికి తోవ తెల్దా?" అన్నాడు.

"దర్శనానికి గాదప్పా. మా మనిషి తప్పిపోయింది."

"ఈ గుంపులోనా?"

"కాదు. మా గుళ్ళోనే తప్పిపోయింది" అంది.

అతనికి ఏమీ అర్థం కాక నావైపు చూశాడు. నేను మా అత్తను పక్కకు తీసుకుపోయి, "అత్తా, మొహాలు చూస్తే కదా మనిషి దొరికేది. చేతులు చూస్తే ఏం తెలుస్తుంది?" అన్నాను, కాస్త విసుగ్గానే. ఆమె రోడ్డు మీదే చతికిలబడింది. "మొగం నాకు తెల్దురా" అంది. "ఎప్పుడూ చేతులే చూస్తి. ఆ రోజు ముంత ముందర పెట్టినప్పుడు గూడా ముంతనే చూస్తి గానీ ఆ యమ్మ మొగం చూసేకి నాకు ధైర్యం రాలే. ఎదురుగా వచ్చి నిలబడినా గుర్తు పట్టలేనేమో."

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు ఎదురుగా కూర్చుంది. ఆ మూడు శనివారాలు నేను వసారాకు ఎందుకు పోలేదని ఆమె నన్ను ఏనాడూ అడగలేదు. అడుగుతుందేమోనని నేను నాలుగేళ్ళు భయపడ్డాను. ఆ రోజు నేనే చెప్పబోయాను. నోరు తెరిచేసరికి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు తెలుసులేరా. నీమీద నాకు కోపం లేదు. కోపముంటే బాగుండు. సగం బరువు నీమీద పెట్టి, నేను ఇంత నిద్రపోదును." ఇంతకంటే పెద్ద తిట్టు నేను ఈ జన్మలో తినలేదు. ఇంతకంటే పెద్ద క్షమ కూడా ఎవరూ నాకు ఇవ్వలేదు.

చివరి నాలుగు రోజులూ పెద్దగా మాట్లాడలేదని పక్కనే ఉండి చూసుకున్న మా ఇంటిది చెప్పింది. మహానందిలో సంతోషమ్మ కనపడిందా అని అడిగితే తల అడ్డంగా ఊపిందట. మరణమంటే ఆమెకు భయం ఉండేది కాదు. ఎందరికో పక్కన కూర్చుని ధైర్యం చెప్పి సాగనంపిన మనిషి. అలాంటి మనిషి పోతూ పోతూ, "పైన ఆ పాప ఎదురొస్తే ఏం చెప్పేది?" అని రెండుసార్లు అడిగిందట. మా ఇంటిదానికి జవాబు తెలియలేదు. నేను ఆ వేళకు నంద్యాలలో బడికి పలకలు బేరం చేస్తున్నాను. ఉన్నా నాకు మాత్రం ఏం తెలుసు?

సమాధుల జాగాలో మరియ పక్కన ఆమెను పెట్టాము. ఆమె నలుగురి కోసం అడిగిన నేలలో ఆమెకు మాత్రం అడగకుండానే చోటు దొరికింది. ఎండ మండిపోతుందని, మూడో రోజు ప్రార్థనకు వచ్చేవాళ్ళు కూర్చోవడానికి నాలుగు గుంజలు పాతి, వేపకొమ్మలు కప్పి, సమాధి దగ్గర చిన్న పందిరి వేశాము. గుంజలు తలా ఒక ఇంటినుంచి అరువు తెచ్చినవి. మూడో రోజు ప్రార్థన బాగా జరిగింది. దావీదప్ప ఆమె గురించి మంచి మాటలు చెప్పాడు. అందరూ కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోయారు.

మరునాడు మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే అటు పోయాను. పందిరి కింద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు పిల్లలు మట్టి మీదే నిద్రపోతున్నారు. దగ్గరికి పోయి, ఈసారి మొహమే చూశాను. సంతోషమ్మ కాదు. చిన్న వయసు మనిషి. నన్ను చూడగానే భయపడి లేవబోయింది. "ఎండ తగ్గినాంక పోతామప్పా. పిల్లోళ్ళు నడవలేకుండారు" అంది. ఎక్కడినుంచి వచ్చారంటే, ఆదోని దిక్కు అని చెప్పింది. ఎక్కడికి పోతున్నారంటే చెప్పలేదు.

"ఉండమ్మా, లేవొద్దు" అని, దావీదప్ప ఇంటికి పరుగెత్తినట్టే పోయాను. నాకు సొంతంగా ఉన్నది ఒక్క గది మిద్దె, అందులో తొమ్మిది మందిమి. లేకుంటే ఇంటికే తీసుకుపోయేవాణ్ణని మీతో అనను. ఏమో, అప్పుడూ తీసుకుపోయేవాణ్ణి కాదేమో. కానీ ఈసారి నోరు మూసుకోలేదు. ఆ ఒక్కటి చెప్పుకోగలను. "వసారా తాళం తియ్ దావీదప్పా. పిల్లలు ఎండలో ఉన్నారు. ఈ నాలుగు రోజులన్నా తియ్" అన్నాను.

ఆయన ఇప్పుడు ముసలివాడయ్యాడు. చూపు సరిగ్గా ఆనదు. నా చెయ్యి పట్టుకుని, "నాకు మాత్రం ఇష్టమా అప్పా? తీర్మానం ఉండాది గదా. నీ చేతిరాతే" అన్నాడు. "వచ్చే ఆదివారం కూటంలో పెడదాంలే, అందరూ ఏమంటారో చూద్దాం."

నేను వెనక్కి వచ్చేసరికి గుంజలు అరువిచ్చినవాళ్ళు వచ్చి ఉన్నారు. మంచివాళ్ళే, మా పల్లెవాళ్ళే. "తప్పుగా అనుకోవద్దు అయ్యవారూ, మా కొట్టానికి ఊతం పెట్టిన గుంజ ఇది. గాలొస్తే ఇల్లు పడిపోతాది" అన్నాడు ఒకడు. ఏమనగలను? మొదటి గుంజ పీకారు. పందిరి పడమటి వైపు వంగి, ఎండ లోపలికి వచ్చింది. ఆమె పిల్లలిద్దరినీ లేపకుండా, ఒకరి తర్వాత ఒకరిని, నీడ ఉన్న వైపుకు లాక్కుంది. రెండో గుంజ పీకారు. మళ్ళీ లాక్కుంది. ఆ లాక్కోవడంలో పెద్దపిల్ల తల మా అత్త సమాధి మట్టికి ఆనింది. నాలుగో గుంజ కూడా అయిపోయాక, వాళ్ళు గుంజలు భుజాన వేసుకుని, ఆమెవైపు చూడకుండా పోయారు. ఆమె కింద పడిన వేపకొమ్మల్లో ఆకు ఇంకా పచ్చిగా ఉన్నదాన్ని ఒకటి వెతికి తీసుకుంది. దాన్ని పిల్లల మొహాల మీదికి నీడ పడేలా ఎత్తి పట్టుకుని కూర్చుంది. చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా ఈ చేతిలోనుంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఉంది.